సాంచాల ఊరు కొండెక్కుతోంది

ముంబయి నుంచి నాసిక్ వెళ్లే హైవే మీద మాన్‌కోలీ దగ్గర మొదలైన గోదాములు పడఘా దాకా వదలవు. నీలం రేకుల కప్పులు, వాటి ముందు బారులు తీరిన కంటైనర్ లారీలు. ఒకప్పుడు ఇవన్నీ వరి మళ్లు. ఉల్హాస్ ఖాడీ (సముద్రపు పాయ) పక్కన పల్లంలో ఉన్న పొలంలో గోదాము లేపాలంటే ముందు నేలను ఎత్తు చేయాలి. అందుకు మొరం కావాలి, మొరం కావాలంటే గుట్టను తవ్వాలి. భివండీ తాలూకాలో పల్లం పూడటం, కొండ తెగటం ఒకే పనికి రెండు కొసలు.

ఈ గోదాములకు మూలం పన్నులో ఉంది. సరుకు ముంబయి పొలిమేర దాటితే ఆక్ట్రాయ్ కట్టాల్సి వచ్చేది. అందుకని వ్యాపారులు పొలిమేరకు ఇవతలే దింపి, కావలసినప్పుడు కావలసినంతే లోపలికి పంపేవారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయ్ పోయింది, గోదాములు మాత్రం ఇంకా పెరిగాయి. రాష్ట్రానికో చిన్న గోదాము అవసరం తీరిపోయి, మహానగరం పక్కన ఒకే పెద్ద గోదాము లాభమైంది.

ఇక ఊరి సంగతి. 2011 లెక్కల ప్రకారం భివండీ నిజాంపూర్ కార్పొరేషన్ పరిధిలో 7,09,665 మంది ఉన్నారు. ఊరి వైశాల్యం 26 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంత ఇరుకులోనే లక్షల సాంచాలు (మరమగ్గాలు) ఆడతాయి. 1982లో ముంబయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లుల బట్ట ఈ కార్ఖానాలకే మళ్లింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాలుగా వచ్చిన మన పద్మశాలీలు పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడ్డారు. కుటుంబాన్ని తెచ్చుకోలేనివాడు బిస్సీలో (మెస్సులో) తిని, సాంచా పక్కనే నడుం వాలుస్తాడు. తెచ్చుకున్నవాడికి పది అడుగుల ఖోలీ (గది).

ఆ ఖోలీలు ఎలాంటివో 2020 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున దేశమంతా చూసింది. పటేల్ కాంపౌండ్‌లో జిలానీ భవనం నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలింది. చనిపోయినవారు దాదాపు నలభై మంది, వారిలో పసివాళ్లూ ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో వల్‌పాడాలో మరో భవనం కూలింది. కింద గోదాము, పైన కాపురాలు.

కాబట్టి కొండను ముట్టుకోవద్దనేవాళ్లు, ఈ జనం ఎక్కడ పడుకోవాలో కూడా చెప్పాలి. ఇది న్యాయమైన ప్రశ్న. నా వరకు జవాబు స్పష్టం. ఇప్పుడు తెగుతున్న గుట్టల మొరం సాంచా కార్మికుడి ఇంటి పునాదిలోకి వెళ్లడం లేదు, గోదాము కిందికి వెళ్తోంది. ఊరు పెరుగుతోంది అంటున్నాం గానీ, పెరుగుతున్నది సరుకుకు చోటు.

ఎటు పెరగాలో ఎవరు తేల్చాలి? అమెరికాలో కాలిఫోర్నియాలో 1911 నుంచి ఇలాంటి ప్రశ్న నేరుగా ఓటరు ముందుకు వెళ్లే వీలుంది. మనవాళ్లు ఎంతోమంది ఉన్న శాన్ హోసేలో 2018 జూన్‌లో రెండు ప్రతిపాదనల మీద పోలింగ్ జరిగింది. ఎవర్‌గ్రీన్ కొండల దిగువన వృద్ధుల కోసం ఇళ్ల కాలనీ కట్టనివ్వాలని ఒకటి, ఊరి అంచుల్లో అలాంటి కట్టడాలకు హద్దు పెట్టాలని ఇంకొకటి. ఓటర్లు మొదటిదాన్ని కాదని, రెండోదాన్ని గెలిపించారు.

మనకు అలాంటి ఓటు లేదు. మహారాష్ట్రలో 1966 నాటి ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టం ప్రకారం ముసాయిదా అభివృద్ధి ప్రణాళిక (డీపీ) ప్రకటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. వాటిని వినే సంఘంలో స్థాయీ సంఘం నుంచి ముగ్గురు సభ్యులు, ప్రభుత్వం వైపు నుంచి నలుగురికి మించని నిపుణులు. చివరి ముద్ర రాష్ట్ర ప్రభుత్వానిది. జనం ఎన్నుకున్నవాళ్లకు ఆ సంఘంలో దొరికే చోటు ఆ మూడు కుర్చీలే. అలాంటిది 2022 జూన్‌లో పాలకమండలి గడువు తీరాక 2026 జనవరి 15న పోలింగ్ జరిగేదాకా భివండీకి కార్పొరేటర్లే లేరు. మూడున్నరేళ్లకు పైగా పరిపాలకుడి సంతకంతోనే ఊరు నడిచింది.

పైగా గోదాములున్న నేల చాలావరకు కార్పొరేషన్‌ది కాదు. ఊరి చుట్టూ ఉన్న యాభైకి పైగా గ్రామాలకు 2007 నుంచి ప్రణాళిక వేసే అధికారం ముంబయి మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ఎంఎంఆర్‌డీఏది. కామ్‌వారీ నది కొండల వైపు నుంచి వచ్చి ఊరి మీదుగా ఖాడీలో కలుస్తుంది. ఎగువన నేల చదునై, దిగువన పల్లం పూడితే వానాకాలంలో నీళ్లు వచ్చేది ఊళ్లోకే. పద్మనగర్‌లో గెలిచిన కార్పొరేటర్‌కు ఆ మొరం లారీని ఆపే హక్కు లేదు.

ఇంకాస్త పైకి, వజ్రేశ్వరి, గణేశ్‌పురి వైపు వెళ్తే పరిస్థితి మారుతుంది. 1985 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు భివండీ తాలూకాలో 72 గ్రామాలను షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చింది. అక్కడ 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ) చట్టం వర్తిస్తుంది. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభ మాటకు ఎంత బలం రాగలదో మన పార్వతీపురం సరిహద్దు అవతల, రాయగడ, కలహండి జిల్లాల్లో తేలింది. నియమగిరి మీద బాక్సైట్ తవ్వకాల విషయం గ్రామసభల ముందు పెట్టమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. ఈ దేశంలో కొండ గురించి జరిగిన ఓటు ఏదని అడిగితే నేను దాన్నే చూపిస్తాను.

అంటే ఒకే తాలూకాలో వార్లీ, కాత్కరీ ఆదివాసీల పల్లెలకు సభ ఉంది, పన్నెండు గంటల పాళీ చేసి వచ్చే సాంచా కార్మికుడికి ముప్పై రోజుల కాగితం ఉంది. ఆ కాగితం మరాఠీలో ఉంటుంది. మ్యాపులో తన గల్లీ మీద ఏ రంగు పడిందో, రోడ్డు గీత ఏ ఇంటి మీదుగా పోయిందో అతడికి విప్పిచెప్పేవాళ్లు లేకపోతే, అభ్యంతరం రాసేది భూమి ఉన్నవాడు, లాయర్ ఉన్నవాడు.

తొంభై స్థానాల కొత్త సభ ఇప్పుడు కూర్చుంటోంది. తెలుగు మాధ్యమంలో బడులు నడిపిన కార్పొరేషన్ ఇది. ప్రణాళికలో ఏ మార్పు ప్రకటించినా ఆ నోటీసును, మ్యాపు వివరాన్ని తెలుగులో, ఉర్దూలో కూడా వేసి వార్డువార్డునా పెట్టాలని తీర్మానం చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కార్మికుల ఇళ్లకు ఎంత నేల, ఎక్కడ అన్నది ఎంఎంఆర్‌డీఏను రాతపూర్వకంగా అడగడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు. పద్మనగర్, కామత్‌ఘర్ ఓట్లు అడిగి గెలిచినవాళ్లు మొదటి సభల్లోనే ఈ రెండూ లేవనెత్తాలి. లేవనెత్తారా లేదా అని ఓటేసినవాళ్లు వెళ్లి అడగాలి.