వాయువు వేడి – పంపు పని

రామగుండము కర్మాగారమున సహజవాయువుతో యూరియా చేయుచున్నారు. ఆ వాయువును పది లక్షల బ్రిటిష్ ఉష్ణమానముల లెక్కను కొందురు. వరంగల్లు రైతు లెఱిగిన కొలత పంపు అశ్వశక్తి. ఈ రెంటిని కలుపు విధమును సభ్యులకు తెలిపెదము.

ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయునది ఒక ఉష్ణమానము. అది 778 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తు పనికి సమానము. ఒక అశ్వశక్తి గంటకు చేయు పని 19,80,000 అడుగు-పౌనులు. కావున పది లక్షల ఉష్ణమానములు సుమారు 393 అశ్వశక్తి-గంటలు; అనగా 5 అశ్వశక్తుల పంపునకు 78 గంటల పని.

ఇది కాగితపు లెక్క. ఇంజనులో వేడి యధికభాగము పొగతోను, చల్లార్చు నీటితోను పోవును. నాలుగవవంతే పనిగా మారినచో, ఆ పంపు నడచునది 20 గంటలలోపే. కావున వాయువుతో నడచు ఇంజను కొనువారు, వాయువులో నున్న వేడి యెంతయని గాక, ఇరుసుకు చేరు పని యెంతయని అడుగవలెను.