బెంగుళూరుకు కాపురం మార్చే ముందు

పలమనేరు, మదనపల్లె, హిందూపురం వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా పాల సేకరణ రిజిస్టరులో ఒక సంగతి మా కంట పడుతున్నది. నిరుడు రెండు పూటలా పాలు పోసిన సభ్యుల పేర్ల ఎదుట గడులు ఖాళీగా ఉంటున్నాయి. కార్యదర్శిని అడిగితే "బెంగుళూరికి పోయినారు సార్, ఆవులు అమ్మేసినారు" అని జవాబు. పోవడం తప్పని మేము అనము. మా పెద్దబ్బాయి కాపురం కూడా అక్కడే. అయితే పోయేవారు చాలామంది జీతం ఎంత అన్న ఒక్క ప్రశ్న మాత్రమే అడిగి బయలుదేరుతున్నారు. అడగవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి.

మొదటిది ఇంటి అడ్వాన్సు. పది నెలల అద్దె ముందుగా తీసుకొనే అలవాటు ఆ నగరంలో చాలా కాలంగా ఉన్నది. ఇప్పుడు కొంత తగ్గించి తీసుకొనేవారూ ఉన్నారు. నెల అద్దె 7 వేలు అనుకొన్నా, పది నెలల లెక్కన 70 వేలు అవుతుంది. అంటే ఒక పాడి ఆవు సొమ్ము ఇంటి యజమాని దగ్గర వడ్డీ లేకుండా ఉండిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు సున్నాలకు, రంగులకు అని ఒక నెల అద్దె పట్టుకొనడం కూడా అక్కడ మామూలే. కరారు కాగితం లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

తరువాత నీళ్ళు. బెంగుళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. దాని ప్రక్కన పెద్ద నది ఏదీ లేదు. దాదాపు నూరు కిలోమీటర్ల దూరం నుండి కావేరి నీటిని పంపులతో ఎక్కించి తెచ్చుకొంటున్నారు. మనవారికి అద్దెలు అందుబాటులో దొరికేది నగరం చివర పేటలలో. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలు అటువంటివే. అవి చాలా కాలం బోర్ల మీద, ట్యాంకర్ల మీద బ్రతికాయి. 2023లో వానలు తప్పడంతో 2024 వేసవిలో వేల బోర్లు ఎండిపోయి, ట్యాంకరు నీళ్ళకు జనం బారులు తీరారు. ఆ ఏడు అక్టోబరులో కావేరి అయిదవ దశ పథకం ప్రారంభమైంది కనుక పరిస్థితి కొంత మెరుగు. అయినా మీరు చేరబోయే వీధికి ఏ నీరు వస్తుంది, ట్యాంకరు ఖర్చు ఎవరిది అన్నది అక్కడ కాపురమున్న వారినే అడగండి, బ్రోకరును కాదు.

ఇక ఊరిలో మనం కొనకుండా వాడుకొనే వస్తువుల సంగతి. సొంత ఇల్లు, పెరటి కూర, చింతపండు, పొయ్యిలోకి కట్టెలు, వీటికి మనం ఎప్పుడూ లెక్క వ్రాయము. పాలు కూడా అంతే. క్యానులో పోయగా ఇంటికి ఉంచుకొన్న లీటరు పాలు ఖర్చుగా కనబడవు. అక్కడ అదే లీటరు, నెలకు 30 లీటర్లు, పాకెట్లలో కొనాలి. పైగా టోన్డు పాలలో వెన్న శాతం 3 మాత్రమే. మీ ఆవు పాలకు 3.8 వచ్చినప్పుడు "తక్కువ వేశారు" అని పరీక్షకుడితో తగవు పెట్టుకొన్న సభ్యులే ఇప్పుడు ఆ 3 శాతం పాలను డబ్బిచ్చి కొంటున్నారు. పెరుగు తోడుకోలేదని ఒక పాత సభ్యురాలు మాతో చెప్పుకొని నవ్వింది కూడా.

పిల్లల చదువు గురించి జాగ్రత్త ఎక్కువ అవసరం. కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం పాఠశాలలలో కన్నడం ఒక భాషగా నేర్పుతారు. చిన్న తరగతుల పిల్లలకు ఇది కష్టం కాదు, రెండు లిపులూ దగ్గరివే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను మధ్యలో మార్చితే దెబ్బ తింటారు. అంతకన్నా పెద్ద విషయం మరొకటి ఉన్నది. మన రాష్ట్రంలో ఉద్యోగాలకు, కళాశాల సీట్లకు "స్థానిక అభ్యర్థి" అన్న హోదా, రాజ్యాంగం 371-డి అధికరణం క్రింది ఉత్తర్వుల ప్రకారం, ముఖ్యంగా పిల్లవాడు ఎక్కడ చదివాడన్న దానిని బట్టి వస్తుంది. బదిలీ సర్టిఫికెట్టు తీసుకొనే ముందు ఈ సంగతి ప్రధానోపాధ్యాయుని అడిగి తెలుసుకోండి.

ఇక ఆవుల మాట. పని కుదరకపోతే మనిషి తిరిగి రావచ్చు. తొందరలో అమ్మిన ఆవు మాత్రం తిరిగి రాదు. సంకరజాతి పెయ్య పుట్టి, పెరిగి, చూలు కట్టి, మొదటి ఈత ఈనడానికి రెండున్నర, మూడేళ్ళు పడుతుంది. చూలు ఒక్కటే సుమారు 280 రోజులు. అందువల్ల ముందు ఇంటిలో ఒకరు మాత్రమే వెళ్ళి ఒక వేసవి గడిపి చూడడం మంచిదని మా అభిప్రాయం. ఆ లోపల చూడి ఆవునొకదానిని, పెయ్యనొకదానిని ఉంచుకోవాలి. బంధువులకు సగపాలుకు ఇచ్చి పోయేటట్లయితే దూడ ఎవరిది, దాణా ఖర్చు ఎవరిది, ఆవు చనిపోతే భీమా సొమ్ము ఎవరిది అన్నది కాగితం మీద వ్రాసుకోండి. చెవి పోగు ఊడదీయనివ్వకండి. ఆవు బ్యాంకు అప్పుతో కొన్నదైతే అప్పు తీరకుండా, బ్యాంకు అనుమతి లేకుండా అమ్మడానికి వీలు లేదు. పాలు ఆగితే బిల్లులో వాయిదా కోత కూడా ఆగి, వడ్డీ పెరుగుతూ పోతుంది.

భర్త వెళ్ళి, భార్య ఊరిలో పాడి చూసుకొనే ఇళ్ళే ఎక్కువ. ఇక్కడ ఒక పొరపాటు పదే పదే జరుగుతున్నది. ఒక సంఘంలో తనిఖీ చేస్తుండగా ఒక ఆమె వచ్చి, నాలుగు నెలలుగా తాను పోసిన పాలకు ఒక్క పైసా చూడలేదని చెప్పింది. లెక్క చూశాము. సంఘం ప్రతి బిల్లూ సరిగానే చెల్లించింది. సభ్యత్వం, బ్యాంకు ఖాతా రెండూ భర్త పేరున ఉండడంతో డబ్బు బెంగుళూరులో అతని చేతికి పోతున్నది. అక్కడ అద్దెకు సరిపోతున్నది. ఇక్కడ ఆమె చెక్కకు, తవుడుకు అప్పు చేస్తున్నది. మూడవ నెలలో దాణా తగ్గించింది, పాలూ తగ్గాయి. ఇందులో సంఘం తప్పు లేదు, అతనిది మోసమనీ చెప్పలేము. పేరు మార్చకుండా వెళ్ళడమే జరిగింది.

కనుక ప్రయాణానికి ముందే సంఘం కార్యాలయానికి భార్యాభర్తలిద్దరూ కలిసి రండి. పాలు పోసేది ఎవరో వారి పేరున సభ్యత్వం మార్చమని దరఖాస్తు ఇవ్వండి. పాస్‌పుస్తకం, ఆమె సొంత బ్యాంకు ఖాతా పుస్తకం, ఆధార్ నకలు వెంట తెచ్చుకోండి. పాలకవర్గం తీర్మానం చేయాలి కనుక నెల రోజుల గడువు పెట్టుకోండి. ఇల్లంతా వెళ్ళిపోయేవారు ఏడాదికి ఎన్ని రోజులు, ఎన్ని లీటర్లు పోయకపోతే ఓటు హక్కు పోతుందో మీ సంఘం నియమావళిలో చదివించుకోండి. అప్పటి దాకా పోసిన పాలకు రావలసిన బోనస్ ఏ ఖాతాలో వేయాలో కార్యదర్శికి వ్రాసి ఇచ్చి, రసీదు తీసుకొని వెళ్ళండి.