మెకానికల్ ఇంజనీరింగ్ చదువు: ఆరవ తరగతిలోనే మొదలయ్యే బాట

ప్లస్ టూ ఫలితాలు వెలువడగానే మన సరిహద్దు గ్రామాలలో ఇంటింటా ఒకే ప్రశ్న వినవస్తుంది: "పిల్లవాణ్ణి ఏ చదువులో చేర్పించాలి?" హోసూరు, బాగలూరు, వేపనపల్లి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు మెకానికల్ ఇంజనీరింగ్ అనే మాట కొత్తది కాదు. అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ కర్మాగారాలు 1980వ దశకం నుండి ఈ ప్రాంత జీవనంలో భాగమైనవి. అయితే యంత్రం వద్ద నిలబడి పనిచేయటం వేరు, ఆ యంత్రాన్ని రూపొందించే విద్యను అభ్యసించటం వేరు. ఆ విద్యకు దారి ఏది, అందులో ఏమి నేర్పుతారు, మన పిల్లలు ఎక్కడ తడబడతారు అన్న విషయాలను తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవటం అవసరం.

ప్రవేశ మార్గం

తమిళనాడులో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష 2006 నాటి చట్టంతో రద్దయినది. ప్లస్ టూ మార్కులే ఆధారం. గణితం నూటికి, భౌతిక శాస్త్రం యాభైకి, రసాయన శాస్త్రం యాభైకి లెక్కించి, మొత్తం 200కు కటాఫ్ నిర్ణయిస్తారు. ఉదాహరణకు గణితంలో 80, భౌతిక శాస్త్రంలో 70, రసాయన శాస్త్రంలో 76 వచ్చిన విద్యార్థికి 80, 35, 38 కలిపి 153 అవుతుంది. గణితానికి ఎంత విలువ ఉన్నదో దీనివలన స్పష్టమవుతున్నది.

పదవ తరగతి తరువాత మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవారు నేరుగా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో చేరవచ్చును. ఇంటి పరిస్థితి దృష్ట్యా త్వరగా సంపాదన అవసరమైన వారికి ఇది మంచి మార్గం; మధ్యలో ఉద్యోగం దొరికినా చేతిలో ఒక యోగ్యతాపత్రం ఉంటుంది. మన కృష్ణగిరి జిల్లాలోనే బర్గూరులో 1994లో నెలకొల్పిన ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. అందులో మెకానికల్ విభాగమూ కలదు.

హద్దు దాటే ముందు

పిల్లలను తెలుగులో చదివించాలన్న ఆశతో కొందరు తల్లిదండ్రులు ఏడవ తరగతికో ఎనిమిదవ తరగతికో కుప్పం వైపు పంపుతారు. ఆశ మంచిదే. కాని దాని ఫలితం పదిహేడేళ్ల వయసులో ఎదురవుతుంది.

తమిళనాడు ప్రభుత్వం 2021లో చేసిన చట్టం ప్రకారం ఇంజనీరింగ్ సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ప్రత్యేకించారు. ఈ కోటాలో చేరినవారి బోధనా రుసుమును, వసతి ఖర్చును ప్రభుత్వమే భరిస్తుందని ఆ సంవత్సరమే ప్రకటించారు. అయితే సాధారణంగా ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలోనే చదివి ఉండాలి. నడుమ ఒక్క సంవత్సరం బయట చదివినా ఈ అర్హత పోతుంది.

ఆవలి పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం సీట్లు స్థానికులకు. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివినవారే సాధారణంగా స్థానికులు. మిగిలిన 15 శాతానికి వేరే షరతులు ఉన్నవి. కనుక ఇంటర్ రెండేళ్లకు మాత్రమే హద్దు దాటిన పిల్లవాడు ఇక్కడి ప్రత్యేక కోటాను పోగొట్టుకొని, అక్కడ స్థానికుడూ కాలేక, రెండింటికీ దూరమయ్యే ప్రమాదం ఉన్నది.

ఎనిమిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏ ఒక్క తరగతి ఇతర రాష్ట్రంలో చదివినా, తమిళనాడు ప్రవేశాలకు స్థానికతా ధ్రువపత్రం కావాలి. ఇంట్లో మునుపు పట్టభద్రులెవరూ లేకుంటే తొలి పట్టభద్రుల రుసుము రాయితీకి మరొక ధ్రువపత్రం కావాలి. ఇవి ఫలితాలు వచ్చిన వారంలో పరుగెత్తి తెచ్చుకునేవి కావు. ముందే సిద్ధం చేసి ఉంచుకోవాలి.

ఏమి నేర్పుతారు

నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. మొదట గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్. తరువాత ఉష్ణగతిక శాస్త్రం, ద్రవ యాంత్రిక శాస్త్రం, పదార్థాల బలం, తయారీ విధానాలు, యంత్ర భాగాల రూపకల్పన. చివరన ప్రాజెక్టు.

ఈ విద్య స్వభావాన్ని మన పొలంలోని బోరుతోనే వివరించవచ్చును. 60 మీటర్ల లోతు నుండి, అంటే సుమారు 200 అడుగుల నుండి, సెకనుకు 4 లీటర్ల నీరు తోడాలనుకుందాం. 4 లీటర్ల నీరు 4 కిలోలు. దానిని 9.8తో, 60తో గుణిస్తే 2,352 వాట్లు. ఒక హార్స్ పవర్ 746 వాట్లు గనుక ఇది సుమారు 3.15 హార్స్ పవర్. అయితే పంపు, మోటారు కలిసి తీసుకున్న శక్తిలో సగమే నీటికి అందిస్తాయనుకుంటే 6.3 హార్స్ పవర్ కావాలి. కనుకనే 5 హార్స్ పవర్ మోటారు చాలదు, 7.5 బిగించాలి. అనుభవజ్ఞుడైన మెకానిక్ చూపుతోనే చెప్పే మాటను ఇంజనీరు లెక్కతో చెబుతాడు. పైపులో ఒరిపిడి వలన పోయే శక్తి ఎంత, ఆ నష్టం తగ్గించటం ఎట్లా అన్నది తరువాతి పాఠం.

మొదటి సంవత్సరపు గండం

మన పిల్లలు తడబడేది ఇక్కడే. కారణం తెలివితక్కువతనం కాదు. పాఠం హఠాత్తుగా ఆంగ్లంలోకి మారుతుంది. గణితం వేగం పెరుగుతుంది. డ్రాయింగ్ ఎన్నడూ చూడనిది. ఒక సెమిస్టర్‌లో మిగిలిన అరియర్లు తరువాతి సెమిస్టర్ భారంతో కలిసి పేరుకొంటాయి. మూడవ సంవత్సరానికి వచ్చేసరికి విద్యార్థి నిరాశ చెందుతాడు.

దీనికి ఉపాయాలు కష్టమైనవి కావు. ప్లస్ టూ ముగిసిన సెలవులలో కలనగణితాన్ని మళ్లీ సాధన చేయించండి. ఇంటిలోని పీటను ముందునుండి, పైనుండి, పక్కనుండి చూసి మూడు బొమ్మలుగా గీయించండి. డ్రాయింగ్‌కు అదే పునాది. పాఠాన్ని మొదట తెలుగులో అర్థం చేసుకొని, పిమ్మట ఆంగ్లంలో రాయటం అలవాటు చేయించండి. బలం, త్వరణం, దక్షత అన్న మాటల భావం తెలిసినవానికి ఆంగ్ల పదం పేరు మాత్రమే. తెలుగు చదివినందున పిల్లవాడు వెనుకబడతాడన్న భయం తల్లిదండ్రులు విడిచిపెట్టవలెను.

చదువు ముగిసిన తరువాత

కంప్యూటర్ చదువుతో పోలిస్తే తొలి జీతం తక్కువగా ఉండవచ్చును. షిఫ్టు పని, కర్మాగారపు వేడిమి తప్పకపోవచ్చును. ఈ సంగతి దాచిపెట్టి పిల్లలను చేర్పించరాదు. మరోవైపు విద్యుత్ వాహనాలు వచ్చినందున మెకానికల్ విద్యకు కాలం చెల్లిందన్న మాటా నిజం కాదు. 2021లో మన జిల్లా పోచంపల్లి వద్ద ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారం వెలసినది. స్కూటర్‌లో ఇంజను లేకపోయినా చట్రం, బ్రేకులు, బేరింగులు, బ్యాటరీ వేడిని చల్లార్చే ఏర్పాటు, వీటన్నిటిని తయారుచేసే యంత్రాలు అన్నీ మెకానికల్ పనులే. ఆడపిల్లలకు ఇది తగని చదువన్న అభిప్రాయానికీ ఆధారం లేదు. రూపకల్పన, నాణ్యతా పరీక్ష, ప్రణాళిక విభాగాలలో కావలసినది కండబలం కాదు, లెక్కలో నిశితత్వం.

యంత్రాన్ని విప్పి చూడాలన్న కుతూహలం, గణితంలో ఓపిక, ఈ రెండూ ఉన్న పిల్లలను నిస్సంకోచంగా పంపండి. ఇష్టం లేనివారిని సీటు దొరికినదన్న కారణంతో చేర్పించకండి. ఇంట్లో ఐదవ తరగతి ముగిస్తున్న బిడ్డ ఉంటే, ఆరవ తరగతి ఎక్కడ చదవాలన్న నిర్ణయం ఈ వేసవిలోనే ఆలోచించి తీసుకొనండి.