పోటీ పోటీయే... పొత్తు పొత్తే!
మా వీధిలో నాదీ, పక్కావిడదీ రెండు టైలరింగ్ షాపులు. కస్టమర్ల దగ్గర ఇద్దరిదీ పంతమే! అయినా పెళ్లిళ్ల సీజన్లో చీరల ఫాల్సూ, జాకెట్ల హెమ్మింగూ ఆవిడకిస్తాను. చెప్పిన రోజుకి ఇవ్వకపోతే ఆ ఇంటివాళ్లు మళ్లీ నా గడప తొక్కరు మరి. కొలతల పుస్తకం మాత్రం చూపించను.

బ్యాంకులదీ ఇదే తీరు. డిపాజిట్ల కోసం పోటీపడుతూనే ఏటీఎంలు పంచుకుంటాయి. ఇందుకోసం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ 2004లో ‘నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్’ తెచ్చింది. మనం వేరే బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీస్తే, మన బ్యాంకు దానికి ఫీజు కడుతుంది. వీధివీధినా సొంత మిషను పెట్టే ఖర్చు తప్పుతుంది.

మీకూ చిన్న వ్యాపారముందా? పని పంచుకోండి. రేటు, గడువు ముందే మాట్లాడుకోండి. కస్టమర్‌కు జవాబు మాత్రం మీరే చెప్పండి.