ఇంటికి ఓవర్‌లాక్ మిషను: కొనేముందు, కొన్నాక

హాస్టల్ యూనిఫాం ముందుగా ఎక్కడ చెడిపోతుందో మన విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కరలేదు. గుడ్డ బాగానే ఉంటుంది, రంగూ అంతగా పోదు. లోపలి అంచు పోగులు పోగులుగా ఊడి, ఒకరోజు కుట్టు పక్కనే నోరు తెరుస్తుంది. తాండూరు బండ మీద బాది ఉతికే బట్టకు ఈ గతి ఇంకా తొందరగా పడుతుంది. కత్తెర పడిన అంచును దారంతో చుట్టేసి పోగు ఊడకుండా పట్టి ఉంచేదే ఓవర్‌లాక్ మిషను. మన వైపు చాలామంది దర్జీలు దీన్నే ‘ఇంటర్‌లాక్’ అంటారు. కొనడానికి పోయినప్పుడు మాత్రం ఓవర్‌లాక్ అనే అడగండి. ఫ్యాక్టరీలవాళ్ళ భాషలో ఇంటర్‌లాక్ అంటే టీషర్టుల అంచు మడిచి కుట్టే మిషను. అది వేరు, దాని ధర వేరు.

మన హాస్టళ్ళలో చదివి, తర్వాత కుట్టుపనిలో స్థిరపడ్డ అక్కలు, అన్నలు చాలామందే ఉన్నారు. 2024లో తెలంగాణలో ప్రభుత్వ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించాక, ఇంట్లో మిషను పెట్టుకున్నవారికి ‘ఓవర్‌లాక్ కూడా కొనాలా?’ అనే ప్రశ్న ఎదురుకావడం సహజం. అప్పు చేసి కొనేవారు ఉంటారు కాబట్టి ఈ నాలుగు మాటలు.

మొదట తెలుసుకోవలసింది: ఓవర్‌లాక్ ఉంటే మామూలు మిషను అక్కరలేదనుకోవద్దు. కాలరు, జేబు, జిప్పు, కాజా ఏదీ దీనితో కాదు. ఇందులో బాబిన్ ఉండదు. సూది కిందకు దిగుతుంటే, లూపర్లు అనే రెండు వంకర కొక్కేలు దారాన్ని అంచు మీదుగా అల్లుతాయి. ముందు భాగంలో చిన్న కత్తి ఒకటి అంచును కోసుకుంటూ పోతుంది. 1881లో అమెరికాలోని కనెక్టికట్‌లో జోసెఫ్ మెర్రో తయారుచేసిన అల్లిక మిషను దీనికి మూలపురుషుడు. ఇళ్ళలో పెట్టుకునే చిన్న రకం జపాన్‌లో 1960లలో వచ్చింది.

మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు తరహాలు. బల్లకు బిగించి, కింద మోటారు పెట్టుకునే మూడు దారాల మిషను ఒకటి. లూధియానా వంటి చోట్ల తయారయ్యే ఈ రకం మొరటుగా ఉంటుంది, చప్పుడు ఎక్కువ. కానీ ఏ దర్జీ మెకానిక్కయినా విప్పి బిగించగలడు. రెండోది ఉషా, సింగర్, బ్రదర్ వంటి కంపెనీలవారు అమ్మే, చేత్తో ఎత్తి అలమారలో పెట్టుకోగల చిన్న మిషను. ఇది మూడు దారాలతోనూ, నాలుగు దారాలతోనూ కుడుతుంది. జాకెట్లు, యూనిఫాంలు, లంగాలు కుట్టేవారికి మూడు దారాలు చాలు. టీషర్టులు, లెగ్గింగులు వంటి సాగే బట్టల పని ఉంటే నాలుగు దారాలు, దాంతోపాటు ‘డిఫరెన్షియల్ ఫీడ్’ ఉండాలి. అది లేకపోతే సాగే బట్ట అంచు అప్పడంలా అలలు తేలుతుంది.

నా మటుకు నేను మిషనుకంటే ముందు మెకానిక్కును చూసుకోమంటాను. అంగట్లో అడగవలసిన మాటలు రెండే. దీనికి పట్టే సూది తాండూరులోనో వికారాబాద్‌లోనో దొరుకుతుందా? కత్తి మొండిబారితే కొత్తది ఎక్కడ తేవాలి? ప్రతి సూదికీ రైలెక్కి సికింద్రాబాద్ పోవలసి వస్తే, చవకగా దొరికిన మిషను ఖరీదైనదే అవుతుంది.

లెక్క కూడా వేసుకోవాలి. ఉదాహరణకు బయట ఒక జాకెట్టుకు అంచు వేయించడానికి పది రూపాయలు ఇస్తున్నారనుకుందాం. నెలకు అరవై జాకెట్లయితే ఆరువందలు. మిషను పదిహేనువేలయితే పెట్టుబడి తిరిగిరావడానికి ఇరవై అయిదు నెలలు, దారం, కరెంటు కాక. నెలకు పదిహేను జాకెట్లు కుట్టేవారు ఆ డబ్బు మిగుల్చుకుని, మామూలు మిషనులో జిగ్‌జాగ్ కుట్టు ఉంటే దానితోనే అంచు వేసుకోవచ్చు. అంత చక్కగా రాదు గాని, పోగు మాత్రం ఆగుతుంది.

కొన్నాక అందరినీ భయపెట్టేది దారం ఎక్కించడం. చాలా మిషన్లలో వరుస ఇది: ముందు పై లూపరు, తర్వాత కింది లూపరు, ఆఖరున సూది. కింది లూపరు దారం మధ్యలో తెగితే, దాన్ని ఒక్కదాన్నే ఎక్కించి తొక్కితే మళ్ళీ తెగుతుంది. సూదిలోని దారం దాని కింద చిక్కుకుపోవడమే కారణం. సూది దారం తీసేసి, లూపరు ఎక్కించి, చివర మళ్ళీ సూదిలోకి ఎక్కించాలి. రంగు మార్చేటప్పుడు ఒక సులువుంది. పాత దారాన్ని కోను దగ్గర తెంపి, కొత్తదాని కొస ముడివేసి, బిగింపులన్నీ సున్నాకు తెచ్చి మెల్లగా లాగితే అదే దారిన కొత్త దారం వస్తుంది. ముడి సూది బెజ్జంలో పట్టదు. అక్కడ కత్తిరించి చేత్తో ఎక్కించాలి.

బిగింపు నేర్చుకోవడానికి మూడు దారాలూ మూడు రంగులవి పెట్టి, పాత యూనిఫాం ముక్క మీద కుట్టి చూడండి. లూపర్ల దారాలు రెండూ సరిగ్గా అంచు మీద కలవాలి. పై లూపరు రంగు అడుగువైపుకు జారితే అది వదులుగా ఉందని, లేదా కిందిది మరీ బిగుతుగా ఉందని అర్థం. కుట్టును విప్పదీసి పట్టుకుంటే మధ్యలో నిచ్చెనమెట్లలా దారాలు కనబడితే సూది దారం వదులు. ఒకసారికి ఒకే మీట తిప్పాలి. రెండు మూడు ఒకేసారి తిప్పితే దేనివల్ల బాగయిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

అన్నిటికంటే జాగ్రత్త కత్తితో. మనవాళ్ళు జాకెట్టు లోపల అంగుళమో, అంగుళంన్నరో గుడ్డ వదిలి కుడతారు, ఒళ్ళు వచ్చినప్పుడు వదులు చేసుకోవడానికి. ఎదిగే పిల్లల బట్టలకూ అంతే. ఆ గుడ్డను కత్తి మింగేస్తే తిరిగిరాదు, వచ్చే ఏడాది ఆ జాకెట్టు పెట్టెలోనే ఉంటుంది. అందుకని పోగులు మాత్రమే తెగేలా అంచును కత్తి గీత వెంట నడపాలి. కొన్ని మిషన్లలో కత్తిని పక్కకు మడిచిపెట్టవచ్చు. గుండుసూదులు అంచుకు దూరంగా గుచ్చాలి. కత్తికి తగిలితే సూదీ విరుగుతుంది, కత్తీ మొండిబారుతుంది. కుట్టేటప్పుడు పసిపిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

ఇందులో వెనక్కి కుట్టి ముడివేయడం ఉండదు. చివర రెండంగుళాల జడ వదిలి కత్తిరించి, లావు సూదితో దాన్ని కుట్టులోపలికి దూర్చాలి. రోజూ పని అయ్యాక కత్తి చుట్టూ చేరిన నూగును పాత బ్రష్షుతో దులపండి. నూనె ఎక్కడ వేయాలో మిషనుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. నూనె వేశాక మొదట నడిపేది చిరుగు గుడ్డ మీదే, గిరాకీ జాకెట్టు మీద కాదు.