నదులు లేని చోట ఇసుక ఎలా వచ్చింది?



"బీచ్‌లో ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?" అని మీ పిల్లలను ఒకసారి అడిగి చూడండి. మన కోస్తాలో అయితే జవాబు సులువే. గోదావరి, కృష్ణ లాంటి నదులు రాళ్లను అరగదీసి ఆ పొడిని సముద్రంలో కలుపుతాయి, అలలు దాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. మరి ఒక్క నది కూడా లేని లక్షద్వీప్‌లో అంత తెల్లటి ఇసుక ఎలా వచ్చింది?

ఇసుకను తయారుచేసేది జీవులే

కేరళ తీరానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, అరేబియా సముద్రంలో ఉన్న ఈ 36 దీవుల మొత్తం విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లే. అక్కడి ఇసుక దాదాపు అంతా జీవుల నుంచి వచ్చిందే. పగడపు జీవులు సముద్రపు నీటిలోని కాల్షియంతో సున్నపు గూళ్లు కట్టుకుంటాయి. అలల తాకిడికి అవి విరిగి ముక్కలవుతాయి. చిలుక ముక్కులాంటి నోరున్న ప్యారట్ ఫిష్ దిబ్బ మీది నాచును గీరి తింటూ సున్నాన్ని కూడా నమిలి, ఇసుకగా విసర్జిస్తుంది. గవ్వలు, సున్నపు నాచు మొక్కల పొడి కూడా దీనికి తోడవుతుంది.

ఉంగరం లాంటి దిబ్బలు

ఈ దీవుల అడుగున అగ్నిపర్వతపు రాయి ఉంది. అది నెమ్మదిగా కుంగుతుంటే, వెలుతురు కోసం పగడాలు పైపైకి పెరుగుతాయి. చివరికి నీటి చుట్టూ ఉంగరంలా దిబ్బ మిగులుతుంది. దీన్నే అటోల్ అంటారు. ఈ వివరణను చార్లెస్ డార్విన్ 1842లో పుస్తకంగా ప్రచురించారు. లక్షద్వీప్‌లో చాలా దీవులు దిబ్బకు తూర్పు అంచున ఉన్నాయి. నైరుతి రుతుపవనాల అలలు వచ్చేది పడమటి నుంచి. ఆ దెబ్బను పడమటి దిబ్బే కాచుకుంటుంది.

దిబ్బకు జబ్బు చేస్తే

పగడాలకు ఆహారం, రంగు ఇచ్చేది వాటి లోపల ఉండే సూక్ష్మమైన నాచు. వేసవిలో సముద్రం మామూలు కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడాలు ఆ నాచును వదిలేసి తెల్లబడతాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, లేకపోతే చనిపోతాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో ఇలా జరిగింది. రెండు దెబ్బల మధ్య కోలుకోవడానికి సమయం చాలడం లేదు.

బురద మరో ముప్పు. తవ్వకాలతో లేచిన మట్టి పగడాల మీద పేరుకుని వెలుతురును అడ్డుకుంటుంది. నదుల ఒండ్రు కలిసే మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు పెరగకపోవడానికి ఇది ఒక కారణం.

దిబ్బ బలహీనపడితే అలలు నేరుగా ఒడ్డును కోస్తాయి, కొత్త ఇసుక రావడం తగ్గుతుంది. బంగారం అటోల్‌లోని పరళి-1 అనే చిన్న దీవి కోతకు గురై పూర్తిగా కనుమరుగైందని 2017లో పరిశోధకులు తెలిపారు. 2011 జనాభా లెక్కల ప్రకారం లక్షద్వీప్‌లో 64 వేల మందికి పైగా ఉన్నారు. వాళ్ల ఇళ్లు, కొబ్బరితోటలు, మంచినీటి బావులు అన్నీ ఈ ఇసుక మీదే ఉన్నాయి.

ఇంట్లో చేసి చూడండి

గ్లాసులో వెనిగర్ పోసి కోడిగుడ్డు పెంకు వేయించండి. బుడగలు వస్తాయి, కొన్ని గంటల్లో పెంకు మెత్తబడుతుంది. పగడపు గూళ్లు కూడా ఇదే పదార్థంతో, అంటే కాల్షియం కార్బొనేట్‌తో, తయారవుతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే కొద్దీ సముద్రంలో ఆమ్లగుణం పెరుగుతుంది. అది వెనిగర్ అంత ఘాటుగా మారదు కానీ, పగడాలకు గూడు కట్టుకోవడం కష్టమవుతుంది.

సెలవుల్లో పగడపు దీవులకు వెళితే దిబ్బల మీద నడవకండి. పగడపు ముక్కలను జ్ఞాపికలుగా తెచ్చుకోకండి. గట్టి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉందని పిల్లలకు ముందే చెప్పండి.