డిశ్చార్జి ఇంకెప్పుడండీ?

ఉదయం పదింటికి డాక్టరుగారు ‘ఇక ఇంటికెళ్లొచ్చు’ అంటారు. బ్యాగులు సర్దేస్తాం. సాయంత్రం ఆరవుతున్నా కదిలే దారి ఉండదు. బిల్లింగ్ కౌంటర్లో అడిగితే ‘ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదు’ అంటారు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ‘ఆస్పత్రి కాగితాలు పంపలేదు’ అంటారు. మధ్యలో నలిగిపోయేది పేషెంటే!

ఎందుకింత ఆలస్యం? డిశ్చార్జి సమ్మరీ, తుది బిల్లు, మందుల లెక్క తయారైతేగానీ ఆస్పత్రి వాటిని పంపదు. చాలా పాలసీల్లో అవి టీపీఏ చేతుల మీదుగా వెళ్లాలి. అక్కడ ఒక్క సందేహం వచ్చినా కథ మళ్లీ మొదటికే.

దీనికో గడువుంది. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం బీమా సంస్థదే. కాకపోతే గడియారం మొదలయ్యేది డాక్టరు మాటతో కాదు, ఆస్పత్రి కాగితాలు పంపాకే. అందుకే ‘ఎన్నింటికి పంపారు?’ అని అడిగి రాసుకోండి. వీలైతే ముందురోజే సమ్మరీ సిద్ధం చేయమనండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు బీమా సంస్థకే ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించొచ్చు. హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఒంట్లో ఓపిక లేని మనిషి కౌంటర్ల చుట్టూ తిరగలేడు. ఆ పని ఇంట్లో ఒకరు ముందే నేర్చుకుని ఉంచుకోవడం మంచిది.